చెరువు చేప చెడకుండ కాపాడుట – వల నుండి సంత వరకు

అనంతపురము పీఠభూమిలో చేపల మాట ఎత్తినచో, త్రాగునీటికే కరవైన చోట చేప యెక్కడిదని నవ్వువారు కలరు. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు సీమ గనుక ఆ నవ్వునకు కారణము లేకపోలేదు. కాని వాన తక్కువగనుకనే మన పూర్వులు చెరువులను కన్నబిడ్డలవలె కాపాడుకొనిరి. 14వ శతాబ్దమున విజయనగర ప్రభువగు బుక్కరాయల కాలమున వెలసిన బుక్కరాయసముద్రపు చెరువు, శింగనమల చెరువు, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడు చేరియున్న ధర్మవరము, బుక్కపట్టణము చెరువులు ఇందుకు సాక్ష్యములు. ఇటీవలి కాలమున తుంగభద్ర ఎగువ కాలువ, మధ్య పెన్నారు, పెన్నహోబిలము జలాశయము, భైరవానితిప్ప ప్రాజెక్టు వీనికి తోడైనవి. 2012లో హంద్రీ–నీవా పథకము ద్వారా కృష్ణా జలములు జీడిపల్లి జలాశయమునకు చేరినవి. నీరు నిలిచిన ప్రతిచోట చేపయు పెరుగుచున్నది. దానిని నమ్ముకొని బెస్త కుటుంబములు పెక్కు జీవించుచున్నవి.

ఈ చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి, మోసు అను చేపలు పారు నదులలో గ్రుడ్లు పెట్టునవే గాని, నిలిచిన చెరువునీటిలో పెట్టునవి కావు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సా రాష్ట్రమున డాక్టరు హీరాలాల్ చౌధురి సూదిమందు సహాయమున ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. నాటినుండి నదుల దరికి పోకయే చేపపిల్లలను ఉత్పత్తి చేయుట సాధ్యమైనది. వానలు కురిసి చెరువు నిండిన పిదప పిల్లలను విడుచుట, అవి పెరిగిన పిదప పట్టుట మన పల్లెలలో వాడుకయైనది.

అయితే మన ప్రాంతమున ఒక చిక్కు కలదు. ఏటి పొడుగున నీరుండు డెల్టా చెరువులలో రైతు తనకు అనుకూలమైన దినమున వల వేయగలడు. మన చెరువు అట్టిది కాదు. ఫాల్గుణ చైత్రములు వచ్చుసరికి నీరు తరిగిపోవును. అడుగున మడుగు మిగులును. ఉన్న చేపనంతయు కొలది దినములలోనే పట్టివేయవలసి వచ్చును. ఎండ 40 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరుచున్న కాలముననే చేప గట్టెక్కును. చెరువు మరల ఎన్నడు నిండునో తెలియదు. ఒక సంవత్సరపు పెట్టుబడి, శ్రమ, ఆశ ఆ నాలుగు దినముల అమ్మకముపై ఆధారపడి యుండును. అట్టి తరి పట్టిన చేపలో కొంతభాగము మెత్తబడి, దళారి అడిగిన ధరకు తెగనమ్మవలసి వచ్చినచో ఆ నష్టమును పూడ్చుకొనుటకు మరియొక పంట లేదు.

చేప చెడుట విధివ్రాత కాదు. అందులో హెచ్చుభాగము, నీటినుండి వెలువడిన మొదటి గంటలో మనము చేయు పనిని బట్టియు, చేయక విడుచు పనిని బట్టియు నిర్ణయమగును. పిమ్మట ఎంత ఐసు పోసినను పోయిన గుణము తిరిగి రాదు. ఉన్న గుణము నిలుచును, అంతియే. ఈ విషయమును, దానికి గల కారణములను, చేయవలసిన పనులను ఈ వ్యాసమున వివరింపనెంచితిమి.

ప్రాణము పోయిన పిదప జరుగునది

బ్రతికియున్న చేప కండలో సూక్ష్మజీవులు ఉండవు. అవి చర్మముపైని జిగటలోను, మొప్పలలోను, ప్రేవులలోను మాత్రమే ఉండును. ప్రాణమున్నంతవరకు దేహము వానిని లోపలికి రానీయదు. ప్రాణము పోగానే ఆ కాపలా తొలగిపోవును. అయినను అవి తక్షణమే కండను ఆక్రమింపవు. నడుమ కొంత గడువు కలదు. ఆ గడువును పొడిగించుటయే మన పని.

కండరములు కదలుటకు కావలసిన శక్తి గ్లైకోజెన్ అను పదార్థరూపమున చేప దేహమున నిలువయుండును. చేప చచ్చిన తరువాత కూడ ఆ నిలువ కొంతసేపు ఖర్చగుచునే యుండును. అది పూర్తిగా తరిగిపోయినప్పుడు కండరములు బిగుసుకొనును. చేపను తోకవైపు ఎత్తి పట్టుకొన్నచో కట్టెవలె నిలుచునది ఈ దశయందే. బిగువు ఉన్నంతసేపు చేప తాజాగ నున్నదని చెప్పవచ్చును. బిగువు సడలిన వెనుక కండలోని జీర్ణరసముల వంటి ఎంజైములు కండను మెత్తబరచును, సూక్ష్మజీవులు లోనికి చొచ్చును, దుర్వాసన పుట్టును.

ఈ బిగువు ఎంత ఆలస్యముగ వచ్చి ఎంత ఎక్కువసేపు నిలిచిన అంత మేలు. దానిని త్వరపెట్టునవి రెండు: ఒకటి పెనుగులాట, రెండవది వేడి. వలలో గంటల తరబడి కొట్టుకొనిన చేప తన శక్తి నిలువను బ్రతికియుండగనే వ్యయము చేసికొనును. కండలో పులుపు పెరుగును. చచ్చిన కొలది సేపటికే బిగుసుకొని, అంతే త్వరగా సడలిపోవును. పెనుగులాట లేక చచ్చి, వెంటనే చల్లబడిన చేపయందు బిగువు మెల్లగ వచ్చి చాలసేపు నిలుచును. రెండును ఒకే చెరువులోనివి, ఒకే వయస్సువి అయినను సంతకు చేరుసరికి రెండు తీరుల చేపలగును.

ఇక వేడి సంగతి. చేపను చెడగొట్టు మార్పులు 0 డిగ్రీల కంటె 10 డిగ్రీల వద్ద సుమారు నాలుగింతల వేగముతో జరుగునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. మన వేసవి ఎండలో ఆ వేగము ఇంకను ఎన్నో రెట్లు పెరుగును. ఐసులో సరిగ ఉంచిన బొచ్చె, శీలావతులు రెండు వారముల వరకు తినదగియుండగా, ఎండ తగులు గట్టున పరచిన చేప ఒక పూటకు మించి నిలువకుండుటకు కారణమిదియే.

సముద్రము నేర్పు పాఠము

మన జిల్లాకు సముద్రము లేదు. అయినను పట్టిన చేపను కాపాడు విద్యలో అందరికంటె ఎక్కువ శ్రద్ధ చూపువారు సముద్రముపై ట్యూనా పట్టువారు గనుక వారి పద్ధతిని తెలిసికొనుట మనకు లాభకరము. ట్యూనా మన తీరమున సూర యని పిలువబడు జాతి. విశాఖపట్టణపు రేవునుండి పోవు పడవలు బంగాళాఖాతమున దీనిని గాలములతో పట్టుచున్నవి.

తక్కిన చేపల దేహము నీరెంత చల్లగనుండునో అంత చల్లగ నుండును. ట్యూనా అట్లు కాదు. దాని రక్తనాళముల అమరిక దేహపు వేడిని బయటికి పోనీయక నిలువ చేయును. గాలమునకు తగిలి పెనుగులాడినప్పుడు ఆ వేడి మరింత హెచ్చును. వేడియు, పెనుగులాటవలన పుట్టిన పులుపును కలసినచో ఎఱ్ఱగ నిగనిగలాడవలసిన మాంసము పాలిపోయి, ఉడికినదానివలె పొడిపొడిగ నగును. దానిని జపానువారు "యాకె", అనగా కాలిన మాంసమని పిలుతురు. పచ్చిగ తినుటకు ఎక్కువ వెల పలుకవలసిన చేప అప్పుడు సామాన్యపు వెలకు పడిపోవును.

అందువలన శ్రద్ధగల పడవవారు చేపను పైకి లాగిన వెంటనే వరుసగా కొన్ని పనులు చేయుదురు. కొక్కెమును తలకు మాత్రమే తగిలింతురు గాని కండకు తగులనీయరు. మెత్తని పరుపుపై నుంచి, తలపై ఒక దెబ్బతో స్మృతి తప్పింతురు. మెదడులో మొనగల శలాకను గ్రుచ్చి, వెన్నుపాము వెంట సన్నని తీగను దూర్చుదురు; దీనితో దేహమున గిలగిలలాట నిలిచి శక్తి నిలువ మిగులును. ఈ పద్ధతికి జపానులో "ఇకెజిమె" యని పేరు. పిదప రెక్క వెనుక కోసి రక్తమును కార్చి, మొప్పలను ప్రేవులను తొలగించి, కడిగి, ఐసు కలిపిన నీటిలో ముంచుదురు. ఇదంతయు కొద్ది నిమిషములలో ముగియవలెను.

ఇది రుచికి సంబంధించిన పట్టింపు మాత్రమే కాదు. ట్యూనా, కానాగంత వంటి చేపలను చల్లబరచకుండ విడిచినచో సూక్ష్మజీవులు వాని మాంసమున హిస్టమిన్ అను విషపదార్థమును పుట్టించును. దానిని తిన్నవారికి మొగము ఎఱ్ఱబడి, దద్దురులు, తలనొప్పి కలుగును. ఎంత ఉడికించినను ఆ విషము నశింపదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణముల సంస్థయగు కోడెక్స్ కిలో మాంసమున 200 మిల్లీగ్రాములకు మించి హిస్టమిన్ ఉండరాదని నియమించినది. మన చెరువు చేపలకు ఈ ప్రమాదము అంతగా చెప్పుకొనదగినది కాదు. కాని పెనుగులాటను తగ్గించుట, త్వరగ చంపుట, వెంటనే చల్లబరచుట అను మూడు సూత్రములు ట్యూనాకెట్లో బొచ్చెకును అట్లే వర్తించును.

గట్టుపై చేయవలసిన పనులు

మొదటి పని వల వేయుటకు పూర్వమే కలదు. అది ఐసును గట్టునకు చేర్చుట. చేప పడిన పిమ్మట పట్టణమునకు మనిషిని పంపి ఐసు తెప్పించుట పెక్కుచోట్ల అలవాటు. ఐసు వచ్చుసరికి మొదటి గంట గడచిపోవును. విలువైన గడువు చేయి జారును. కావున ఐసు గట్టున లేనిదే వల నీట దింపరాదను నియమమును ప్రతి సంఘమును పెట్టుకొనవలెను.

రెండవది, కాలము. తెల్లవారకముందే పని ఆరంభించి ఎండ ముదరకముందే ముగించుట మేలు. జలాశయములలో పుట్టిపై పోయి సాయంకాలము వల కట్టి మరునాటి ఉదయము తీయుట వాడుక. అట్టి వలలో తొలిజామున చిక్కిన చేప తెల్లవారుసరికి చచ్చి, వెచ్చని నీటిలో నానుచుండును. వీలున్నంతవరకు రాత్రి ఒకసారియైనను వలను పరీక్షించుట మంచిది. ఉదయము వల తీసినప్పుడు బ్రతికియున్న చేపలను, వలలోనే చచ్చిన చేపలను వేరువేరు గంపలలో ఉంచవలెను. రెంటిని కలిపినచో, చెడిన దానిని చూపి కొనువాడు మంచిదాని వెలను కూడ తగ్గించును.

మూడవది, చేపను పట్టుకొను తీరు. మొప్పలలో వ్రేలు దూర్చి విసరుట, పుట్టిలో కాలితో త్రొక్కుట, గంపను గట్టుపై కుమ్మరించుట – ఇవన్నియు కండలో దెబ్బలు కలిగించును. పొలుసు ఊడిన చోటనే, గాయపడిన చోటనే చెడుపు మొదలగును. పుట్టిలో తడి గోనెసంచి పరచి, పట్టిన చేపను దానిపై నుంచి, మరియొక తడిగోనె కప్పవలెను. మన గాలి పొడిగాలి. తడిగుడ్డ ఆ గాలికి ఆరుచు చల్లబడును. కడవలో నీరు చల్లబడు సూత్రమే ఇది. అయితే తడిగోనె ఐసునకు బదులు కాదు. గట్టు చేరువరకు చేపకు నీడనిచ్చు గొడుగు మాత్రమే.

నాలుగవది, చంపుట. పెద్దచేపను కన్నులకు కొంచెము పైన, తలపై దుడ్డుకఱ్ఱతో ఒక్క గట్టి దెబ్బ కొట్టినచో వెంటనే స్మృతి తప్పును. ఊపిరాడక గంటసేపు ఎగిరెగిరి పడి చచ్చుట చేపకును బాధ, కండకును చేటు. చిన్నచేపలు వందలకొలది పడినప్పుడు ఒక్కొక్కదానిని కొట్టుట సాధ్యము కాదు గనుక వానిని నేరుగ ఐసు నీటిలో ముంచవలెను.

ఐదవది, కడుగుట. వేసవిలో అడుగంటిన చెరువునీరు బురదతోను సూక్ష్మజీవులతోను నిండియుండును. ఆ నీటితో చేపను కడుగుట, మురికిని మురికితో కడుగుటయే. బోరునీరో, త్రాగదగిన వేరునీరో డ్రమ్ములలో తెచ్చుకొని జిగట పోవునట్లు కడుగవలెను.

రక్తము తీయుట మంచిదా?

ట్యూనా పట్టువారు రక్తము తీయుదురని చెప్పితిమి. రక్తము తీసిన మాంసము తెల్లగనుండును, నీచు తగ్గును, ఎక్కువ కాలము నిలుచును. చెరువు చేపకును ఇది నిజమే. కాని మన సంతలలో ఒక ఇబ్బంది కలదు. మనవారు చేప కొనునప్పుడు మొదట మొప్ప ఎత్తి చూచెదరు. ఎఱ్ఱగనున్న మొప్ప తాజాతనమునకు గుర్తు. రక్తము తీసిన చేప మొప్ప తెల్లబడి, మంచిచేపయైనను పాతదానివలె కనిపించును. కావున పూర్తి చేపగ సంతలో అమ్మదలచినవారు రక్తము తీయుట కంటె త్వరగ చల్లబరచుటపైననే దృష్టి నిలుపుట ఉచితము. ముక్కలుగ కోసి అమ్మువారును, ముందుగ మాట్లాడుకొని హోటళ్ళకు సరఫరా చేయువారును స్మృతి తప్పిన వెంటనే మొప్పల మూలమున పదునైన కత్తితో కోసి, చల్లని శుభ్రమైన నీటిలో పది నిమిషములుంచి రక్తమును పోనీయవలెను. గుండె ఆగిన చాలసేపటికి కోసినచో రక్తము కారదు.

ప్రేవులను తీయుటలో కూడ ఇట్టి వివేచనమే వలయును. శుభ్రముగ తీసి బాగుగ కడిగినచో నిలువకాలము పెరుగును. సగము తీసి, కడుపులోని మాలిన్యమును కండకు పూసినచో తీయకున్నదానికంటె త్వరగ చెడును. శుభ్రమైన నీరు, శుభ్రమైన బల్ల, పదునైన కత్తి లేనిచోట కడుపు కోయకుండుటయే మేలు.

ఐసు లెక్క

ఐసు ఎంత వలయునను ప్రశ్నకు చిన్న లెక్కతో సమాధానము చెప్పవచ్చును. ఒక కిలో ఐసు కరుగునప్పుడు 80 కిలోకాలరీల వేడిని పీల్చుకొనును. ఒక కిలో చేపను ఒక డిగ్రీ చల్లబరచుటకు సుమారు 0.8 కిలోకాలరీ వేడిని తొలగింపవలెను. ఈ లెక్కన 30 డిగ్రీల వేడిగల 100 కిలోల చేపను 0 డిగ్రీలకు దించుటకు 2,400 కిలోకాలరీలు, అనగా 30 కిలోల ఐసు కరగవలెను. ఇది చేపను చల్లబరచుటకు మాత్రమే. పెట్టె గోడలనుండి చొచ్చు వేడి, మూత తెరచినప్పుడెల్ల చేరు వేడి, ప్రయాణమున తగులు ఎండ దీనిలో చేరలేదు. అందువలననే మన వంటి ఉష్ణదేశములలో చేప యెంతయో ఐసును అంత యుండవలెనని నియమము. నూరు కిలోల చేపకు పది కిలోల ఐసు చల్లి తృప్తిపడుట, మండు నేలపై చెంబెడు నీరు చల్లుట వంటిది.

ఐసును చిన్నగ పగులగొట్టవలెను. పెద్దగడ్డలు చేపను అక్కడక్కడ మాత్రమే తాకును. మొనలు కండను నలుపును. పెట్టె అడుగున ఒక పొర ఐసు, దానిపై ఒక వరుస చేప, మరల ఐసు – ఈ విధముగ పేర్చి పైన మందముగ ఐసు కప్పవలెను. పెట్టె లోతు రెండడుగులకు మించనిచో క్రింది చేప నలగదు. కరిగిన నీరు రక్తముతోను జిగటతోను కలసియుండును గనుక అది కారిపోవుటకు అడుగున రంధ్రములుండవలెను. త్వరగ చల్లబరచుటకు రెండుపాళ్ళ ఐసు, ఒకపాలు మంచినీరు కలిపిన తొట్టిలో మొదట ముంచి, పిదప పెట్టెలో పేర్చుట శ్రేష్ఠము. నీరు చేపను అన్ని ప్రక్కల తాకును గదా. త్రాగదగిన నీటితో చేసిన ఐసునే వాడవలెను.

థర్మోకోల్ పెట్టె లభింపనిచోట రెండు గంపలను ఒకదానిలో నొకటి యుంచి నడుమ పొడి ఊకనో, రంపపుపొట్టునో నింపవచ్చును. వేరుశనగ పండు మన సీమలో దాని పొట్టు కూడ ఈ పనికి వచ్చును. ఏ పొట్టయినను తడిసినచో వేడిని ఆపలేదు గనుక ప్లాస్టిక్ సంచులలో మూతికట్టి వాడవలెను, చేపకు తగులనీయరాదు.

ఐసు ఖర్చునకు వెనుకాడువారు ఈ లెక్కను కూడ చూడవలెను. ఉదాహరణకు 100 కిలోల చేపను కిలో 100 రూపాయల చొప్పున అమ్మదలచితిరనుకొందము. అందులో 25 కిలోలు మెత్తబడి సగము వెలకు పోయినచో 1,250 రూపాయలు నష్టము. తమ ఊరి ఐసు వెలను, తమ చేప వెలను ఈ లెక్కలో వేసికొని, ఏది బరువో ఎవరికి వారు తూచుకొనవచ్చును.

బ్రతికించి అమ్ముట, ఎండబెట్టి అమ్ముట

అన్ని చేపలకును ఐసు అక్కరలేదు. కొరమీను గాలి పీల్చగల చేప. తడి తగులుచున్నచో నీటివెలుపల కూడ చాలసేపు బ్రతుకును. దానిని కొద్దినీరుగల పాత్రలలో బ్రతికియుండగనే సంతకు తెచ్చుట మన పెద్దలు ఎరిగిన విద్యయే. బ్రతికియున్న చేపను మించిన తాజాచేప లేదు గనుకనే దానికి వెల యెక్కువ. బొచ్చె, శీలావతులకు ఈ శక్తి లేదు.

సంతలో అమ్ముడుపోదని ముందే తోచిన చేపను ఆ దినముననే ఉప్పువేసి ఎండబెట్టుట మంచిది. పొడిగాలి మన సీమకు ప్రకృతి ఇచ్చిన సదుపాయము. చేపను వీపువైపు చీల్చి, శుభ్రపరచి, నాలుగుపాళ్ళ చేపకు ఒకపాలు ఉప్పు పట్టించి, నేలపై గాక దడులపై ఆరవేయవలెను. మిగిలిపోయి మెత్తబడిన దానిని ఎండబెట్టుదమను ఆలోచన సరికాదు. చెడిన చేప ఎండినను చెడిన చేపయే.

కొనువారు గమనింపవలసినవి

తాజాచేప కన్ను ఉబ్బి, మెరయుచుండును. చెడుచున్న చేప కన్ను గుంటపడి, మసక కమ్మును. వ్రేలితో నొక్కినచో తాజాచేప కండ వెంటనే పైకి వచ్చును. పాతదానిలో గుంట నిలుచును. మొప్ప ఎఱ్ఱగ, జిగట తేటగ నుండవలెను. వాసనను ఒక్కదానినే నమ్మరాదు. సముద్రపు చేప చెడినప్పుడు పుట్టు ఘాటైన నీచువాసనకు మూలమైన పదార్థము మంచినీటి చేపలలో చాల తక్కువ. కావున చెరువు చేప చెడ మొదలిడినను ముక్కునకు వెంటనే తెలియకపోవచ్చును.

బురదవాసన వేరు విషయము. వేసవిలో నీరు తరిగినప్పుడు పెరుగు నీలిపచ్చ నాచు, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అను పదార్థమును విడుచును. అది చేప కొవ్వులో చేరి మట్టివాసన నిచ్చును. ఇది చెడిన గుర్తు కాదు. ఆరోగ్యమునకు హాని లేదు. పులుపు తగిలినచో ఆ వాసన తగ్గును. మన యిండ్లలో చెరువు చేపను చింతపండు పులుసుగ వండుట అనుభవమున నేర్చిన శాస్త్రమని చెప్పవచ్చును.

చేప నిలువయుండుటకై ఫార్మాలిన్ వంటి మందులు పూయుట నేరము. అది శవములను నిలువచేయుటకు వాడు ద్రవము. క్యాన్సరు కలిగించు పదార్థములలో నొకటిగ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగము దానిని నిర్ణయించినది. మంచుతో కాపాడిన చేపకు ఏ మందును అక్కరలేదు.

సంఘము చేయగల పని

ఒక్క కుటుంబము ఐసు బండిని పిలిపించుకొనజాలదు. పది కుటుంబములు కూడినచో అది భారము కాదు. చెరువు కౌలునకు తీసికొనిన మత్స్యకార సహకార సంఘములు చేప పట్టు దినములను ముందుగ నిర్ణయించి, ఐసును, పెట్టెలను, మంచినీటిని, బండిని ఆ దినమునకు సిద్ధపరచవలెను. చేపనంతయు ఒక్కమారే గట్టెక్కింపక, ఐసునకు తగినంత మాత్రమే ప్రతిదినము పట్టవలెను. నీటిలో నున్న చేప రేపటికి నిలుచును. గట్టునపడిన చేప నిలువదు. మడుగులో నీరు మరీ తరిగి వేడెక్కినచో చేప అందులోనే చచ్చును గనుక, ఆ స్థితి రాకమునుపే పట్టుడు ఆరంభింపవలెను.

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన యందు ఐసు పెట్టె అమర్చిన మోటారు సైకిళ్ళకును, చల్లదనము నిలుపు బండ్లకును సహాయము ఏర్పరచిరి. వ్యయమున సాధారణ వర్గములవారికి 40 శాతము, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని స్త్రీలకును 60 శాతము రాయితీగ ఆ పథకమున నిర్ణయించిరి. నేడు అమలునందున్న నిబంధనలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున విచారించి తెలిసికొనవచ్చును. గంపనెత్తుకొని ఊరూర తిరిగి చేపలమ్ము స్త్రీలు ఈ వివరములను తప్పక అడిగి తెలిసికొనవలెను. రోజంతయు ఎండలో తిరుగునది వారి గంపయే. సాయంకాలము మిగిలిన చేప నష్టమును మోయునదియు వారే.

ఈ యేడు చెరువు నిండినదో లేదో మన చేతిలోని విషయము కాదు. నిండిన యేట పట్టిన చేపను కాపాడుకొనుట మాత్రము మన చేతిలోనిదే. రాబోవు పట్టుడు దినమునకు వలలను బాగుచేయించుకొనునప్పుడే, ఐసు ఎక్కడనుండి, ఎవరు, ఏ వేళకు తెచ్చెదరో కూడ సంఘము కూర్చుండి నిర్ణయించుకొనవలెనని కోరుచున్నాము.